కీబోర్డే లేని పెట్టెలో "కీబోర్డ్ నుంచి ఆపారు" అని ఎందుకు వస్తోంది? (కాటా, రసీదు ప్రింటరు, టీటీవై పేర్లు)

కాటా_దగ్గర (కర్నూలు) · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బళ్లారి చౌరస్తా దాటాక మా మామయ్యకు లారీ కాటా ఉంది. ఉల్లి, వేరుశనగ, మిరప లోడ్లు ఎక్కువగా వస్తాయి. అక్కడి కంప్యూటర్ పని నేను చూసుకుంటాను. పాత విండోస్ కంప్యూటర్ పాడైపోతే, దాని స్థానంలో చేతికి వచ్చిన ఒక చిన్న పెట్టెలో డెబియన్ (ఒక రకం లైనక్స్) వేసి పెట్టాను. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ఏదైనా మార్చాలంటే ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్ మీదుగా, లోపలికి వెళతాను.

పెట్టె వెనక పాతకాలపు సీరియల్ పోర్టు ఒక్కటే ఉంది. దానికి రసీదు ప్రింటరు తగిలించాను. కాటా ఇండికేటర్ ఒక యూఎస్‌బీ సీరియల్ తీగతోనూ, బయట డ్రైవరుకు కనిపించే పెద్ద అంకెల బోర్డు మరో తీగతోనూ కలిపి ఉన్నాయి. బరువు చదివి రసీదు కొట్టే ప్రోగ్రామ్ పైథాన్‌లో నేనే రాశాను. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి చూసుకునేది) కింద సేవగా నడుస్తుంది.

మూడు ఇబ్బందులు ఉన్నాయి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటరు దానంతట అది మూరెడు కాగితం బయటికి తోస్తుంది. దాని మీద ఇంగ్లిష్‌లో ఏవేవో వరుసలు, చివర "లాగిన్" అని ఉంటుంది.

ఒక్కోసారి పెట్టె మళ్లీ లేచాక కాటా తీగకు లైనక్స్ ఇచ్చే పేరు /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 నుంచి టీటీవైయూఎస్‌బీ1కి మారిపోతుంది. అప్పుడు ప్రోగ్రామ్ అంకెల బోర్డును బరువు అడుగుతూ కూర్చుంటుంది.

మూడోది నన్ను నిద్రపోనివ్వడం లేదు. సేవ మొదలైన ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. లాగ్‌లో చివరి మాట "కీబోర్డ్‌ఇంటరప్ట్". కీబోర్డే లేదు, ఎవరు నొక్కారు? విఫలమైతే మళ్లీ మొదలుపెట్టమని సేవలో రాసి ఉంచాను, అదీ జరగడం లేదు. అదే ప్రోగ్రామ్‌ను ఎస్‌ఎస్‌హెచ్‌లో చేత్తో నడిపితే సాయంత్రం దాకా నడుస్తుంది. ఈ రోజు ఆరు లారీలకు మామయ్య చేత్తో రసీదులు రాశారు.

బురుజు_నీడ (కర్నూలు) · సోమవారం రాత్రి 9:40

మూడోదాని సంగతి నాకు అంతుపట్టలేదు. రెండోది మాత్రం విండోస్‌లో వేరే రకంగా ఉంటుంది. అక్కడ ఒక సీరియల్ తీగకు ఒకసారి కామ్5 అని పేరు ఇస్తే ఆ సంబంధాన్ని రిజిస్ట్రీలో రాసి పెట్టుకుంటుంది. తీగలో వరుస సంఖ్య ఉంటే దాన్ని బట్టి, లేకపోతే ఏ పోర్టులో గుచ్చారన్నదాన్ని బట్టి గుర్తిస్తుంది. అందుకే సంవత్సరాలు గడిచిన కంప్యూటర్లలో అంకె పెరిగిపోయి కామ్27 లాంటివి కనిపిస్తాయి. మా దుకాణానికి వచ్చే బిల్లింగ్ కంప్యూటర్లలో ఇది తరచుగా చూస్తాను. కొన్ని పాత ప్రోగ్రామ్‌లు కామ్9 దాటితే తెరవలేవు. పది నుంచి పైకి వెళితే పేరుకు ముందు రెండు వెనక్కి వాలిన గీతలు, ఒక చుక్క, మరో గీత పెట్టాలి. ఆ సంగతి రాసినవారికి తెలియకపోతే అంతే.

కడపబండ (కడప) · సోమవారం రాత్రి 10:25

కాటా_దగ్గర గారూ, వివరంగా రాశారు, సంతోషం. ప్రింటరుతో మొదలుపెడదాం, అది అన్నిటికన్నా తేలిక.

ఆ పెట్టె ఇంతకు ముందు ఎవరి దగ్గరో సర్వరుగా పనిచేసి ఉంటుంది. మీరు కొత్తగా డెబియన్ వేసినప్పుడు కూడా తెర లేదు కనుక సీరియల్ తీగ మీదుగానే వేసి ఉంటే, బూట్ వరుసలో (పెట్టె లేచేటప్పుడు లైనక్స్‌కు ఇచ్చే సూచనల్లో) "కన్సోల్=టీటీవైఎస్0,9600" అన్న మాట మిగిలిపోయి ఉంటుంది. దాని అర్థం: కెర్నల్ (లైనక్స్ నడిబొడ్డున ఉండే ప్రోగ్రామ్) చెప్పదలచుకున్నదంతా మొదటి సీరియల్ పోర్టుకు పంపు. కెర్నల్‌కు ఆ పోర్టు అవతల ఉన్నది మనిషి ముందున్న టెర్మినలా, కాగితం చుట్ట ఉన్న ప్రింటరా అన్నది తెలియదు. అక్షరాలు పంపింది, ప్రింటరు అచ్చు వేసింది. ఆ పైన సిస్టమ్‌డీ ఆ వరుసను చూసి, కన్సోల్ అక్కడ ఉందంటే ఎవరో లాగిన్ అవుతారని తలచి, లాగిన్ అడిగే ప్రోగ్రామ్ గెట్టీని కూడా అక్కడ నిలబెడుతుంది. మీ కాగితం చివర కనిపించే "లాగిన్" గెట్టీ రాసినదే.

/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలులో ఆ మాట తీసేసి, అప్‌డేట్-గ్రబ్ నడిపి, పెట్టెను మళ్లీ లేపండి.

ఈ పేర్లు చాలామందిని తికమక పెడతాయి కనుక నాలుగు మాటలు చెబుతాను.

/డెవ్/టీటీవై అన్నది "మా ఇల్లు" అన్న మాట లాంటిది. నేను అంటే కడపలో ఉన్న ఇల్లు, మీరు అంటే కర్నూలులో ఉన్న ఇల్లు. ఏ ప్రోగ్రామ్ ఆ పేరు పలికితే ఆ ప్రోగ్రామ్‌కు సొంతమైన టెర్మినల్ తెరుచుకుంటుంది. అలాంటి టెర్మినలే లేని సేవ పలికితే తలుపు తెరుచుకోదు. /డెవ్/కన్సోల్ ఊరి చావిడి. దండోరా అక్కడ వేస్తారు. బూట్ వరుసలో కన్సోల్ అన్న మాట రెండు మూడుసార్లు రాస్తే కెర్నల్ సందేశాలు అన్ని చోట్లకూ వెళతాయి, కానీ /డెవ్/కన్సోల్ అన్న పేరు చివర రాసినదానికే దక్కుతుంది. టీటీవై1, టీటీవై2 అన్నవి ఒకే తెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1, ఎఫ్2 కలిపి నొక్కితే మారే గదులు. టీటీవై0 అంటే ప్రస్తుతం తెర మీద కనిపిస్తున్న గది, ఏదైనా సరే. మీరు ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చినప్పుడు దొరికేది /డెవ్/పీటీఎస్ కింద ఒక అంకె. దాని వెనక యంత్రం ఏదీ లేదు, అటువైపు ఎస్‌ఎస్‌హెచ్ కూర్చుని టెర్మినల్ పాత్ర పోషిస్తుంది.

కెర్నల్ లోపల ఈ పేర్లకు విలువ లేదు. రెండు అంకెలు చూస్తుంది. /డెవ్/టీటీవై 5,0. కన్సోల్ 5,1. టీటీవై0 4,0. మీ ప్రింటరున్న టీటీవైఎస్0 4,64. మీ మొదటి యూఎస్‌బీ తీగ 188,0. "ఎల్ఎస్ -ఎల్" కొట్టి చూడండి, ఫైలు పరిమాణం ఉండాల్సిన చోట ఈ అంకెలే కనిపిస్తాయి.

మూడోదానికి నాకు ఒక అనుమానం ఉంది. తేల్చాలంటే కాటా పంపే బైట్లు ఉన్నవి ఉన్నట్టు కావాలి. సేవ ఆపి, "ఎస్‌టీటీవై -ఎఫ్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 2400 రా -ఎకో" కొట్టి, తరువాత హెక్స్‌డంప్‌తో (బైట్లను అంకెలుగా చూపేది) పది వరుసలు పట్టి ఇక్కడ పెట్టండి. 2400 బదులు మీ ఇండికేటర్ వేగం ఏదైతే అది.

విద్యార్థి_2వ_సంవత్సరం (కర్నూలు) · సోమవారం రాత్రి 10:51

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, నా సందేహం కూడా పేర్ల గురించే. ల్యాబ్‌లో విండోస్ యంత్రం మీద లైనక్స్ కెర్నల్ మూలాన్ని గిట్‌తో దింపుకుంటుంటే ఒక ఫైలు దగ్గర ఆగిపోయింది. నూవో అనే గ్రాఫిక్స్ డ్రైవర్ కింద ఐ2సీ సంచిలో ఉన్న "ఆక్స్.సీ" అనే ఫైలు. ఆ పేరుతో ఫైలు సృష్టించడం కుదరదట. స్నేహితుడు "కాన్" అని కూడా ఫోల్డర్ పెట్టలేవు అన్నాడు. ప్రయత్నించాను, నిజమే. ఎందుకని మా తరగతిలో ఎవరూ చెప్పలేకపోయారు.

బురుజు_నీడ (కర్నూలు) · సోమవారం రాత్రి 11:20

తమ్ముడూ, ఇది నాకు ఇష్టమైన విషయం. 1974లో గ్యారీ కిల్డాల్ సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసినప్పుడు పరికరాలకు చిన్న చిన్న పేర్లు పెట్టారు. కన్సోల్‌కు కాన్, కాగితపు టేపు చదివేదానికి ఆర్‌డీఆర్, టేపుకు చిల్లులు పొడిచేదానికి పన్, ప్రింటరుకు ఎల్ఎస్‌టీ. 1981లో వచ్చిన డాస్ ఆ పద్ధతినే తీసుకుంది. కాన్, ఆక్స్, పీఆర్ఎన్, ఎన్‌యూఎల్ అలా వచ్చాయి. మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, డిస్కు మీద ఉన్నవన్నీ ఒకే చోట. కనుక పరికరం పేరు ఎక్కడి నుంచి పలికినా పలుకుతుంది.

1983లో డాస్ 2 ఫోల్డర్లు తెచ్చింది. అప్పటికే జనం దగ్గర ఉన్న ప్రోగ్రామ్‌లకు ఫోల్డర్ అంటే ఏమిటో తెలియదు. అవి ఏ ఫోల్డర్‌లో ఉండి "పీఆర్ఎన్" అన్నా కాగితం మీద అచ్చు పడాలి. అందుకని ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ పేర్లు ఉన్నట్టే లెక్క వేశారు. పేరు చివర చుక్క పెట్టి మూడక్షరాలు తమంతట తామే తగిలించే ప్రోగ్రామ్‌లు కూడా ఉండేవి కనుక, చుక్క తరువాత ఏమున్నా పట్టించుకోకుండా పరికరమే అనుకున్నారు. నీ ఆక్స్.సీ ఆగిపోయింది అక్కడే. ఆ ప్రోగ్రామ్‌లు వాడినవారు ఇప్పుడు తాతయ్యలు అయ్యారు, వారికిచ్చిన మాట ఇంకా చాలావరకు నిలబడి ఉంది.

నేను కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో ఎడిటర్ లేకుండానే ఫైలు రాసేవాళ్లం. "కాపీ కాన్ పేరు.టీఎక్స్‌టీ" అని కొట్టి, వరుసలు టైపు చేసి, చివర కంట్రోల్-జెడ్. కీబోర్డును ఒక ఫైలులా చదివి మరో ఫైలులోకి నకలు తీయడమన్నమాట. ఆ రోజు అది చూసి ఎంత ఆశ్చర్యపోయానో ఇప్పటికీ గుర్తుంది. ఇప్పటి విండోస్‌లోనూ కమాండ్ కిటికీ తెరిచి చేసి చూడు.

ఎర్రనేల (అనంతపురం) · మంగళవారం ఉదయం 6:35

మ్యాక్ మీద సీరియల్ తీగలు వాడేవారికి ఒక హెచ్చరిక, ఈ అంశం వెతుక్కుంటూ వచ్చేవారికి ఉపయోగపడుతుంది. అక్కడ ఒకే తీగకు రెండు పేర్లు వస్తాయి. /డెవ్ కింద "టీటీవై." అని మొదలయ్యేది ఒకటి, "సీయూ." అని మొదలయ్యేది ఒకటి. మొదటిది ఫోను వచ్చేదాకా కాచుకునే పేరు. మోడెం అవతల ఎవరో కలిశారని క్యారియర్ సంకేతం వస్తే తప్ప తెరవడం పూర్తికాదు. రెండోది మనం ఫోను చేసే పేరు, వెంటనే తెరుచుకుంటుంది. కాటా తీగల్లో సాధారణంగా మూడే తంతులు కలుపుతారు: పంపేది, అందుకునేది, భూమి. క్యారియర్ తంతి ఉండదు. "టీటీవై." పేరుతో తెరిస్తే ప్రోగ్రామ్ అక్కడే ఉండిపోతుంది, తప్పు కూడా చూపదు. నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను దీని మీద.

ఫ్రీబీఎస్‌డీలోనూ ఈ జంట పేర్లు ఉన్నాయి: టీటీవైయూ0, సీయూఏయూ0. లైనక్స్‌లో కూడా ఒకప్పుడు సీయూఏ పేర్లు ఉండేవి, తరువాత తీసేశారు. ఇప్పుడు ఆ ఎంపిక పేరులో కాక అమరికలో ఉంది, దాన్ని సీలోకల్ అంటారు.

పాత_టెలిప్రింటర్ (కర్నూలు) · మంగళవారం ఉదయం 8:05

నేను తంతి శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. మీరంతా టీటీవై టీటీవై అంటుంటే, ఆ మాటలో మొదటి అక్షరం మా యంత్రానిదే కదా అనిపించి రాస్తున్నాను. టెలిటైప్‌రైటర్‌ను కుదించిన మాట అది.

మా గదిలో ఉన్న యంత్రాలు ఐదు బిట్ల సంకేతాలవి, వేగం 50 బాడ్, అంటే సెకనుకు 50 బిట్లు. నిమిషానికి 66 మాటలు. మీ ముందు తరం కంప్యూటర్ మనుషులు వాడిన టెలిటైప్ 33 అన్నది 1963లో వచ్చిన యంత్రం, సెకనుకు పది అక్షరాలు. అచ్చు తల కుడి చివర నుంచి ఎడమ చివరకు రావడానికి ఒక అక్షరం కొట్టేంత సమయం చాలదు. కనుక "వెనక్కి రా" అని ఒక సంకేతం, "కాగితం జరుపు" అని మరో సంకేతం వేరువేరుగా పంపేవాళ్లం. కాగితం జరిగేలోపు తల ఇంటికి చేరేది. మీ ఫైళ్లలో వరుస చివర రెండు గుర్తులా ఒకటా అని మా అబ్బాయి ఆఫీసులో ఇప్పటికీ వాదులాడుకుంటారట. ఆ రెండు గుర్తులు ఒకప్పుడు ఇనుప తల ప్రయాణించడానికి ఇచ్చిన వ్యవధి.

2013 జులైలో తంతి సేవ ముగిసిన రోజు చాలామంది గుర్తుగా ఒక తంతి పంపించుకున్నారు. అప్పటికి టెలిప్రింటర్లు పోయి చాలా కాలమైంది. ఆ చప్పుడు మాత్రం నాకు ఇంకా వినిపిస్తుంది.

కాటా_దగ్గర (కర్నూలు) · మంగళవారం రాత్రి 8:48

కడపబండ గారూ, ప్రింటరు సంగతి మీరు చెప్పినట్టే ఉంది. గ్రబ్ ఫైలులో ఆ మాట తీసేశాను. మూడుసార్లు కరెంటు తీసి ఇచ్చాను, అంగుళం కాగితం కూడా రాలేదు. మామయ్య ఆ పాత కాగితాలన్నీ మడిచి ఉంచారు, ఎవరైనా చదివి చెబుతారని. చదివాను, అందులో మా పెట్టెలో ఉన్న జ్ఞాపకశక్తి ఎంతో, డిస్కు ఏ రకమో అంతా ఉంది.

బైట్లు ఇవిగో. ప్లాట్‌ఫారం మీద ఖాళీ లారీ ఉన్నప్పుడు పట్టినవి, ఒకే వరుస మళ్లీ మళ్లీ:

02 20 20 20 39 38 37 30 0డీ 03

మరో వింత. మీరు చెప్పిన ఎస్‌టీటీవై ఆజ్ఞ కొట్టాక సేవను మొదలుపెడితే ఆగకుండా రెండు గంటలు నడిచింది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. తరువాత తీగ ఊడదీసి మళ్లీ గుచ్చాను, వెంటనే పాత కథే.

కడపబండ (కడప) · మంగళవారం రాత్రి 9:30

దొరికింది. మీ వరుసలో చివరి బైటు చూడండి: 03.

02 అంటే పాఠం మొదలు, 03 అంటే పాఠం ముగింపు. ఇండికేటర్ చేసినవారు పద్ధతి ప్రకారమే పెట్టారు, మధ్యలో ఉన్నది 9870 కిలోల బరువు. అయితే కీబోర్డు మీద కంట్రోల్ పట్టుకుని సీ నొక్కితే వెళ్లే బైటు కూడా 03. సీ మూడో అక్షరం, కంట్రోల్ పై బిట్లను తీసేస్తుంది, మిగిలేది మూడు. మీ కాటా ప్రతి బరువు తరువాత కంట్రోల్-సీ కొడుతోంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. లైనక్స్‌కు సీరియల్ పోర్టు ఒక ఉత్త గొట్టం కాదు. ఎవరైనా మార్చేదాకా దాన్ని టెర్మినల్‌గానే చూస్తుంది, అవతల మనిషి వేళ్లు ఉన్నాయనే అనుకుంటుంది. తీగకూ మీ ప్రోగ్రామ్‌కూ మధ్య లైన్ డిసిప్లిన్ అనే పొర కూర్చుంటుంది. వరుస పూర్తయ్యేదాకా అక్షరాలు ఆపి పెట్టడం, వెనక్కి చెరపడం, వచ్చిన అక్షరాన్ని తిరిగి అవతలికి ప్రతిధ్వనించడం, 03 వస్తే అంతరాయ సంకేతం పంపడం, అన్నీ దాని పని. మనిషి టైపు చేస్తున్నప్పుడు ఇవన్నీ వరాలు. కాటా టైపు చేస్తున్నప్పుడు ఒక్కోటీ ఒక్కో గొయ్యి. ప్రతిధ్వని సంగతే చూడండి: కాటా పంపిన బరువును మీ పెట్టె తిరిగి కాటాకే పంపుతోంది. కొన్ని ఇండికేటర్లు దాన్ని ఆజ్ఞ అనుకుంటాయి.

చేత్తో నడిపితే ఎందుకు ఆగలేదు? అంతరాయ సంకేతం ఎవరికి పంపాలో కెర్నల్‌కు తెలియాలి. ఆ టెర్మినల్ ఏ సెషన్‌ది (ఒకచోట మొదలై కలిసి నడిచే ప్రోగ్రామ్‌ల గుంపు) అని చూస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో మీ షెల్ సెషన్‌కు పెద్ద, దానికి అప్పటికే పీటీఎస్ టెర్మినల్ ఉంది. కాటా తీగ ఏ సెషన్‌కూ చెందదు. 03 వచ్చినా సంకేతం అందుకునేవారు లేరు. సిస్టమ్‌డీ సేవ అలా కాదు. సిస్టమ్‌డీ మీ ప్రోగ్రామ్‌ను కొత్త సెషన్‌కు పెద్దగా నిలబెడుతుంది, దానికి టెర్మినల్ ఉండదు. టెర్మినల్ లేని సెషన్ పెద్ద మొదటిసారి ఒక టీటీవైని చదవడానికి తెరిస్తే, అడగకపోయినా కెర్నల్ ఆ టీటీవైని ఆ సెషన్‌కు అప్పగిస్తుంది. అలా మీ కాటా మీ ప్రోగ్రామ్‌కు కీబోర్డు అయింది. మొదటి బరువు వచ్చింది, 03 వచ్చింది, సంకేతం వెళ్లింది, పైథాన్ దాన్ని కీబోర్డ్‌ఇంటరప్ట్ అని రాసి పోయింది. లాగ్‌లో ఉన్నది అక్షరాలా నిజం.

మళ్లీ ఎందుకు మొదలు కాలేదంటే, ఇలా అంతరాయ సంకేతంతో పోవడాన్ని సిస్టమ్‌డీ మర్యాదగా ముగించినట్టే లెక్కిస్తుంది. "విఫలమైతే" అన్న షరతు అక్కడ వర్తించదు. దాన్ని "ఎల్లప్పుడూ" అని మార్చండి.

ఎస్‌టీటీవైకి ఇచ్చిన రా, -ఎకో కలిసి ఆ పొర చేసే ఈ పనులన్నీ నిలిపివేస్తాయి, అందుకే రెండు గంటలు నడిచింది. ఆ అమరిక పోర్టు పుట్టి ఉన్నంతసేపే. తీగ ఊడితే, కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుంది. కనుక ఆ పని ప్రోగ్రామే చేయాలి. పైసీరియల్ (సీరియల్ పోర్టుల కోసం ఉన్న పైథాన్ లైబ్రరీ) వాడితే అది తెరిచేటప్పుడే "నా టెర్మినల్‌గా ఇవ్వకు" అని ఓ_నోసీటీటీవై జెండా పెడుతుంది, రా స్థితిలోకి కూడా మారుస్తుంది. మామూలు ఓపెన్‌తో తెరిచారని నా ఊహ.

ఒక మాట: చేత్తో నడిపినప్పుడు కూడా మీకు తెలియకుండా అప్పుడప్పుడు బరువులు పోయి ఉంటాయి. 03 చూసినప్పుడు లైన్ డిసిప్లిన్ అప్పటిదాకా చదవకుండా ఉన్న అక్షరాలను పారబోస్తుంది. కాటా ఆగకుండా పంపుతుంది కనుక తరువాతి వరుస దొరికి సరిపోయింది.

విద్యార్థి_2వ_సంవత్సరం (కర్నూలు) · మంగళవారం రాత్రి 9:52

ఈ సమాధానం రెండుసార్లు చదివాను. కంట్రోల్-సీ అంటే కీబోర్డు ఆపే బటన్ అనుకున్నాను ఇన్నాళ్లూ. మొదటి నుంచీ 03నే వాడారా?

ఎర్రనేల (అనంతపురం) · మంగళవారం రాత్రి 10:10

లేదు. యునిక్స్ ఏడో సంచికలో ఆపడానికి డిలీట్ కీ ఉండేది. ఒక అక్షరం చెరపడానికి పౌండు గుర్తు (#), వరుసంతా కొట్టేయడానికి ఎట్ గుర్తు (@). కాగితం మీద అచ్చు పడ్డాక వెనక్కి వెళ్లి చెరపడం కుదరదు కదా. చెరపమన్న గుర్తు కూడా కాగితం మీద కనిపించాల్సిందే. ఈ కీలేవీ రాతి మీద చెక్కినవి కావు, ఇప్పటికీ ఎస్‌టీటీవైతో నీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు.

ఈ సందర్భంగా నా అభిప్రాయం కూడా చెబుతాను. బెల్ ల్యాబ్స్ వాళ్లే తరువాత రాసిన ప్లాన్ 9లో టీటీవై అన్న మాటే తీసేశారు. /డెవ్/కాన్స్ ఒకటి, పక్కన /డెవ్/కాన్స్‌సీటీఎల్ ఒకటి. రా స్థితి కావాలంటే రెండోదానిలో "రాఆన్" అని రాయడమే. సీరియల్ పోర్టు మరో ఫైలు, దానికి టెర్మినల్ బుద్ధులు అంటగట్టరు. ఈ రోజు మనం చూసిన చిక్కు అక్కడ పుట్టే అవకాశమే లేదు. నాకు అదే సరైన దారి అనిపిస్తుంది.

కడపబండ (కడప) · మంగళవారం రాత్రి 10:31

ప్లాన్ 9 శుభ్రత నాకూ ఇష్టమే. కానీ ఆ "టెర్మినల్ బుద్ధుల" వల్లే తెర లేని సర్వరు బూట్ కాక మొండికేసినప్పుడు ఒక సీరియల్ తీగ గుచ్చి లోపలికి వెళ్లగలుగుతున్నాం. అర్ధరాత్రి అలా రెండుసార్లు బయటపడ్డాను. ఎవరు అవతల ఉన్నారో చెప్పే బాధ్యత తెరిచేవారిది, అంతే.

కాటా_దగ్గర గారూ, ఇక పేరు మారే సంగతి. టీటీవైయూఎస్‌బీ0 అంటే "కాటా" అని కాదు, "ముందు లేచిన తీగ" అని. ఇద్దరు పిల్లల్లో ఏ రోజు ఎవరు ముందు లేస్తే వారిని సున్నా అని పిలుస్తున్నాం. /డెవ్/సీరియల్/బై-ఐడీ సంచిలో చూడండి, తీగలోని వరుస సంఖ్యతో స్థిరమైన పేరు ఉంటుంది.

కాటా_దగ్గర (కర్నూలు) · బుధవారం మధ్యాహ్నం 1:15

మీ ఊహ నిజమే, మామూలు ఓపెన్. ఈ రాత్రి పైసీరియల్‌కు మారుస్తాను.

బై-ఐడీలో ఒకటే పేరు ఉంది. యూఎస్‌బీ-1ఏ86 అని మొదలవుతుంది. తీగలు రెండు గుచ్చి ఉన్నా ఒకటే చూపిస్తోంది. రెండూ ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నవి.

బురుజు_నీడ (కర్నూలు) · బుధవారం మధ్యాహ్నం 2:00

1ఏ86 అంటే సీహెచ్340 చిప్పు చేసేవారి సంఖ్య. ఆ చవక తీగలకు సాధారణంగా వరుస సంఖ్య ఉండదు. రెండింటికీ ఒకే పేరు తయారవుతుంది, ఒకదాని మీద ఒకటి పడిపోతుంది. వరుస సంఖ్య ఉన్న తీగ ఒకటి కొనండి, ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్నవాటికి సాధారణంగా ఉంటుంది. ధర ఎక్కువే, కానీ కాటా ఆగితే పోయేదానికన్నా తక్కువ.

ఉబుంటు 22.04 వాడే మరొకరు ఈ అంశం చదివితే: ఈ చిప్పు తీగ గుచ్చగానే పేరు కనిపించి మాయమైతే, అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉండే బీఆర్ఎల్‌టీటీవై దాన్ని తనదనుకుని తీసుకుంటుందేమో చూడండి.

కడపబండ (కడప) · బుధవారం మధ్యాహ్నం 2:20

కొనక్కరలేదు. /డెవ్/సీరియల్/బై-పాత్ చూడండి. అక్కడ పేరు తీగది కాదు, పోర్టుది. ఏ కన్నంలో గుచ్చారో ఆ పేరు, ఎవరు ముందు లేచినా మారదు.

బురుజు_నీడ (కర్నూలు) · బుధవారం మధ్యాహ్నం 2:41

కాటా గదిలో దుమ్ము దులిపే మనిషి రెండు తీగలూ పీకి అటుదిటు గుచ్చితే? నేను రోజూ చూసేది అదే. ఆ మనిషిని తప్పుపట్టలేం, రెండు తీగలూ ఒకేలా ఉంటాయి.

పాత_టెలిప్రింటర్ (కర్నూలు) · బుధవారం సాయంత్రం 5:30

మీ వాదన వింటుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. టెలెక్స్‌లో లైను కలిశాక మొదట "నువ్వెవరు" అన్న సంకేతం పంపేవాళ్లం. అవతల గదిలో మనిషి లేకపోయినా యంత్రమే తన పేరు తిప్పి కొట్టేది. దానికి లోపల వేలెడంత డ్రమ్ము ఉంటుంది, దాని చుట్టూ దువ్వెన పళ్లలాంటివి వరుసలుగా. అమర్చే రోజున పటకారుతో కొన్ని పళ్లు విరిచేసేవాళ్లం. విరిచినదీ మిగిలినదీ కలిసి ఆ యంత్రం పేరు, సుమారు 20 అక్షరాలు. ఒకసారి విరిచిన పన్ను మళ్లీ అతకదు. పొరపాటు పడితే కొత్త డ్రమ్ము తెప్పించాలి. అందుకని విరిచే ముందు ఇద్దరం కూర్చుని ఒకరు చదివితే ఒకరు సరిచూసేవాళ్లం.

మీ తీగకు అలాంటి డ్రమ్ము పెట్టకుండా పంపించారన్నమాట. అడిగితే చెప్పడానికి దాని దగ్గర పేరే లేదు. కానీ కాటాకు ఉంది కదా? కాటా 02తో మొదలుపెట్టి బరువు చెబుతుంది. బోర్డు ఏమీ చెప్పదు, వింటుంది. ప్రోగ్రామ్ లేచిన వెంటనే రెండు తీగల మీదా కొద్దిసేపు చెవి పెట్టి, మాట్లాడినదే కాటా అనుకోవచ్చు. మా రోజుల్లో అయితే నేను అలాగే చేసేవాణ్ని.

కడపబండ (కడప) · బుధవారం సాయంత్రం 5:48

సార్, ఇది నాకు తట్టలేదు. కాటా ఆగకుండా పంపుతూనే ఉంటుంది కనుక రెండు సెకన్లు విన్నా చాలు.

కాటా_దగ్గర (కర్నూలు) · శుక్రవారం రాత్రి 9:05

రెండు రోజులు నడిపి చూశాకే రాద్దామని ఆగాను.

పైసీరియల్‌కు మార్చాను. పేరు బై-పాత్ నుంచి తీసుకుంటున్నాను. అది తెరిచాక పెద్దాయన చెప్పినట్టు రెండు సెకన్లు వింటుంది. 02తో మొదలై 03తో ముగిసే వరుస రాకపోతే రెండో తీగ మీద వింటుంది. అక్కడ వస్తే అదే కాటా, మొదటిది బోర్డు. రెండు చోట్లా రాకపోతే రసీదు ప్రింటరు మీద "కాటా పలకడం లేదు" అని ఒక్క వరుస కొడుతుంది. కావాలనే తీగలు అటుదిటు గుచ్చి చూశాను. లాగ్‌లో "కాటా రెండో తీగ మీద ఉంది" అని రాసి పని మొదలుపెట్టింది.

నిన్న మధ్యాహ్నం నాలుగుసార్లు కరెంటు పోయింది. నేను ఊళ్లో లేను. సాయంత్రం మామయ్య ఫోను చేశారు, ఏదో ఆగిందనుకుని భయపడ్డాను. రసీదు కాగితం చుట్ట అయిపోయింది, కొత్తది ఎక్కడ పెట్టావు అని అడిగారు. 41 లారీలు.

పెద్దాయన గారికి ఒక మనవి. మా కాటా నంద్యాల చెక్‌పోస్టు నుంచి ఆటోలో వచ్చేంత దూరమే. ఒక రోజు వస్తే ఆ ఇండికేటర్ మాట్లాడేది చూపిస్తాను. 2400 బాడ్‌లో తెర మీద వరుసలు పడుతుంటే చూడవచ్చు.

పాత_టెలిప్రింటర్ (కర్నూలు) · శుక్రవారం రాత్రి 9:40

ఆదివారం ఉదయం వస్తాను. మా వేగానికి 48 రెట్లు అన్నమాట. చూడాలి.